ఒక్క అణువు బరువెంత? ఏడు కలిపితే చందమామంత!

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. మా ఊరు కె.కోటపాడు, చోడవరం పక్కన. విశాఖపట్నం జిల్లా అని రాసుకోవడం అలవాటైపోయింది గానీ 2022 ఏప్రిల్ నుంచీ మాది అనకాపల్లి జిల్లా. వీధరుగు మీద కూర్చుని అరిసెలు నములుతుంటే మా అక్క కొడుకు పుస్తకం పట్టుకొచ్చాడు. ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. "మావయ్యా, ఈ ప్రాబ్లెం ఓసారి చూడు, ఆప్షన్లలో నా ఆన్సరు లేదు" అన్నాడు.

ప్రశ్న చిన్నదే. ఒక్క నీటి అణువు ద్రవ్యరాశి ఎన్ని గ్రాములు? మనందరం చేసిందే. నీటి అణుభారం 18. దాన్ని అవగాడ్రో సంఖ్యతో, అంటే 6.022×10²³తో భాగిస్తే సుమారు 2.99×10⁻²³ గ్రాములు. మా వాడు భాగించకుండా గుణించాడు. వాడికొచ్చింది 1.08×10²⁵ గ్రాములు.

"ఇది ఎక్కువా, తక్కువా?" అని అడిగాను.

"ఏది మావయ్యా?"

"నువ్వు కట్టిన లెక్క. ఒక్క నీటి అణువు బరువు."

వాడు నా వైపు వింతగా చూశాడు. ఆ ప్రశ్నకు అర్థం ఉందనే వాడికి తోచలేదు. సరేనని నేనే పెన్ను తీసుకున్నాను. 1.08×10²⁵ గ్రాములంటే 1.08×10²² కేజీలు. చందమామ బరువు సుమారు 7.35×10²² కేజీలు. అంటే మా వాడి లెక్క ప్రకారం ఏడు నీటి అణువులు కలిస్తే చందమామ కంటే బరువెక్కువ! నువ్వు ఇందాక తాగిన గ్లాసుడు నీళ్ళలో ఎన్ని చందమామలున్నాయిరా అంటే పగలబడి నవ్వాడు. నవ్వయ్యాక అసలు మాట బయటపెట్టాడు. "మా సార్ ఈజీ ట్రిక్ చెప్పారులే. ఒక్క అణువు, ఒక్క పరమాణువు అని అడిగితే పవర్‌లో మైనస్ ఉన్న ఆప్షన్ పెట్టేయమన్నారు. ఒక్కటే ఉంటే అసలు లెక్కే చెయ్యక్కర్లేదు."

అదండీ సంగతి. ఈ టపా ఆ ట్రిక్కు మీద.

ముందే చెప్పేస్తున్నా, నాకు కోపం పిల్లాడి మీద కాదు. ఆ సార్ మీద కూడా పెద్దగా లేదు. పరీక్ష ఎలా ఉంటే ఆయన అలా చెప్తాడు. మనం రాసిన ఎంసెట్టే (2021 నుంచీ ఆంధ్రాలో ఈఏపీసెట్ అంటున్నారు) చూడండి. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు, అందులో కెమిస్ట్రీ 40. సగటున ఒక్కో ప్రశ్నకి 67 సెకన్లు. కాలిక్యులేటర్ ఉండదు, తప్పుకి మైనస్ మార్కూ ఉండదు. 67 సెకన్లలో చందమామ గురించి ఆలోచించేవాడు ర్యాంకులో వెనకబడతాడు. అందుకే పిల్లలు ఆలోచించడం మానేస్తారు. వ్యవస్థ అడిగింది అదే, వాళ్ళిచ్చేదీ అదే. నా గొడవేమిటంటే, దీన్ని కెమిస్ట్రీ నేర్పడం అని పిలవడం. ఆ ట్రిక్కుతో మా వాడికి మార్కు వస్తుంది. ఆ మార్కు చూసి వీడికి మోల్ భావన వచ్చేసిందని మనం అనుకుంటాం. రాలేదు. వాడికొచ్చింది మైనస్ గుర్తుని వెతకడం.

నిజానికి ఈ లెక్కలో ఉన్న ఊహ పల్లెటూరి పిల్లాడికి కొత్తది కాదు. వ్యవసాయ పరిశోధనా కేంద్రాల వాళ్ళు వరి రకం గురించి రాసేటప్పుడు "వెయ్యి గింజల బరువు" అని ఒక అంకె ఇస్తారు. ఒక్క గింజని తక్కెట్లో వేసి తూచడం కష్టం కాబట్టి వెయ్యి గింజలు లెక్కపెట్టి తూస్తారు. 20 గ్రాములు వచ్చిందనుకోండి, గింజ 20 మిల్లీగ్రాములు. రైతు కొడుక్కి ఇది చెప్తే "ఇందులో ఏటుంది?" అంటాడు. ఒక్క అణువు ద్రవ్యరాశి కూడా అంతే, ఇంకేమీ లేదు. వెయ్యికి బదులు 6.022×10²³ గింజలు. వెయ్యి గింజల బరువుకి బదులు మోల్ బరువు. బస్తాని గింజల సంఖ్యతో భాగిస్తే గింజ బరువొస్తుంది, గుణిస్తే రాదు. ఇది ఒక్కసారి తలకెక్కినవాడు భాగించాలా గుణించాలా అని జన్మలో తడబడడు. కానీ మన పిల్లలకి ఈ ముక్క చెప్పకుండా నేరుగా సూత్రం ఇస్తారు. పైన అణుభారం, కింద అవగాడ్రో సంఖ్య. పరీక్ష హాల్లో టెన్షన్‌లో పైదేదో కిందదేదో గుర్తు రాకపోతే ఇక చందమామే.

దీనికి తోడు మన తెలుగులో ఒక తమాషా ఉంది. తెలుగు మీడియం పాఠంలో అణువు అంటే మాలిక్యూల్, పరమాణువు అంటే ఆటమ్. పాఠం అయ్యాక పేపర్ తెరిస్తే "అణుబాంబు", "అణువిద్యుత్", "అణుశాస్త్రవేత్త". అవన్నీ పరమాణు కేంద్రకం సంగతులు, పాఠంలోని అణువుకి వాటితో పని లేదు. పదో తరగతి దాకా ఈ గందరగోళంలో ఉన్న పిల్లాణ్ణి ఇంటర్లో ఒక్కసారిగా ఇంగ్లీష్ మీడియంలో పడేస్తారు. అప్పుడు మాలిక్యూల్, ఆటమ్, మోల్, మోలార్, మోలాల్ అని అయిదు మాటలు ఒకే వారంలో మీద పడతాయి. నేనూ అలా పడినవాడినే. ఆ వారం అర్థం కాకపోతే అడగడానికి సిగ్గు. అడగకపోతే ఇక బట్టీ. బట్టీకి దారి అలా పడుతుంది, బద్ధకం వల్ల కాదు.

ఇప్పుడు మా ఊరి వైపు సరుకునే తీసుకుందాం. మాది చెరకు ప్రాంతం. గోవాడలో చోడవరం సహకార చక్కెర ఫ్యాక్టరీ, అనకాపల్లిలో దేశమంతా పేరున్న బెల్లం మార్కెట్టు. మరి ఒక్క బెల్లం అణువు బరువెంత? ఈ ప్రశ్న మా వాణ్ణి అడిగాను. అణుభారం ఎంతో చెప్పు, భాగిస్తానన్నాడు :)

బెల్లానికి అణువు లేదు. బెల్లం మిశ్రమం. అందులో ఎక్కువ భాగం సుక్రోజ్, దానితో పాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్, తేమ, లవణాలు. పంచదారకైతే దాదాపు అంతా సుక్రోజే కాబట్టి అణువు ఉంది. అణుభారం 342.3, ఒక్క అణువు 5.68×10⁻²² గ్రాములు. ఈ తేడా తెలియడం కెమిస్ట్రీ. మరి ఉప్పు? ఉప్పు పలుకులో సోడియం, క్లోరిన్ అయాన్లు వరసగా పేర్చి ఉంటాయి, విడిగా "ఒక ఉప్పు అణువు" అని వేలు పెట్టి చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే దానికి ఫార్ములా యూనిట్ అని వేరే మాట పెట్టుకున్నారు. అయినా మా వాడి బిట్ల పుస్తకంలో "ఒక్క సోడియం క్లోరైడ్ అణువు ద్రవ్యరాశి" అనే బిట్టు ఉంది. నాలుగు ఆప్షన్లు, ఒకదానికే మైనస్ పవర్. ట్రిక్కు అక్కడా పనిచేస్తుంది. లేనిదాని బరువు కట్టినా మార్కు పడుతుంది. ఆ ట్రిక్కు గొప్పదనం అదీ!

ఇంకో మెట్టు ముందుకెళ్దాం. క్లోరిన్ వాయువు అణుభారం 70.9 అని చదువుకున్నాం. అవగాడ్రోతో భాగించి ఒక్క అణువు బరువు రాసేస్తాం. నిజానికి ఆ బరువున్న క్లోరిన్ అణువు ఈ విశ్వంలో ఒక్కటి కూడా దొరకదు. క్లోరిన్ పరమాణువుల్లో నూటికి 76 దాకా 35 బరువువి, 24 దాకా 37 బరువువి. రెండేసి జతకడితే అణువులు 70, 72, 74 అని మూడు రకాలుగా వస్తాయి. వందలో సుమారు 57, 37, 6. వీటి సగటే 70.9. మనవాళ్ళకి వేరే చెప్పాలా? సగటు రెస్పాన్స్ టైమ్ 200 మిల్లీసెకన్లు అని డాష్‌బోర్డులో చూసుకుని మురిసిపోతుంటే, అవతల కస్టమర్ పది సెకన్లు తిరిగే చక్రం చూస్తూ తిట్టుకుంటూ ఉంటాడు. సగటుకి, ఒక్కదానికి మధ్య తేడా తెలియకపోతే ఏమవుతుందో మనకి ఉద్యోగంలో చేరాక తెలిసింది. పదహారేళ్ళప్పుడు క్లోరిన్ దగ్గరే తెలియాల్సింది.

అసలు ఈ 6.022×10²³ ఎక్కడి నుంచి వచ్చింది? మనలో ఎంతమందికి ఎవరైనా చెప్పారు? నాకైతే ఎవరూ చెప్పలేదు. ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు వచ్చింది, బట్టీ పట్టేశాం. అవగాడ్రో 1811లో చెప్పింది, ఒకే ఉష్ణోగ్రత, పీడనాల వద్ద సమాన ఘనపరిమాణాల వాయువుల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయని. ఎన్ని ఉంటాయో ఆయనకి తెలీదు, ఆ సంఖ్యని ఆయన లెక్కకట్టనే లేదు. 1865లో లోష్మిట్ అనే ఆయన వాయువుల ప్రవర్తన నుంచి గాలి అణువు సైజుకి మొదటి అంచనా వేశాడు. పెరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మైక్రోస్కోపులో చిన్న చిన్న రేణువుల్ని లెక్కపెట్టి విలువ కట్టి, 1909లో దానికి అవగాడ్రో పేరు పెట్టాడు. ఆ పనికి 1926లో నోబెల్ వచ్చింది.

వీళ్ళ మధ్యలో ఇంకొకాయన ఉన్నాడు. మా చెరకు రైతుల పిల్లలకి మొదట చెప్పాల్సింది ఈ కథే. 1905లో ఐన్‌స్టీన్ డాక్టరేట్ కోసం రాసిన థీసిస్ సాపేక్ష సిద్ధాంతం మీద కాదు, పంచదార నీళ్ళ మీద! నీళ్ళలో పంచదార కలిపితే ఎంత చిక్కబడుతుంది, పంచదార నీళ్ళలో ఎంత వేగంగా వ్యాపిస్తుంది అన్న రెండు కొలతల నుంచి పంచదార అణువు సైజునీ, అవగాడ్రో సంఖ్యనీ లెక్కకట్టాడు. ఎంతొచ్చిందో తెలుసా? 2.1×10²³. మన బిట్ల పుస్తకంలో అయితే తప్పు, సున్నా మార్కులు. తర్వాత ఇంకా మంచి కొలతలు తీసుకుంటే 4.15×10²³ వచ్చింది. అయినా పెరాన్ వాళ్ళ ప్రయోగాలతో సరిపడలేదు. లెక్కని మళ్ళీ చూడమని హాఫ్ అనే సహచరుడికి అప్పగిస్తే, సమీకరణంలో తప్పు దొరికింది. దాన్ని 1911లో సరిచేస్తే 6.56×10²³ వచ్చింది. అంటే ఐన్‌స్టీన్ కోడ్‌లో కూడా బగ్గుంది. ఆరేళ్ళు ప్రొడక్షన్‌లో ఉంది. కోడ్ రివ్యూలో దొరికింది. పరువేమీ పోలేదు.

ఇది చెప్తే పిల్లలకి రెండు విషయాలు అర్థమవుతాయి. ఒకటి, ఈ సంఖ్య మనుషులు కష్టపడి కొలిచినది. రెండు, మొదటి జవాబు మూడింట ఒక వంతే వచ్చినా అది సిగ్గుపడాల్సిన విషయం కాదు, ఎందుకంటే 10²³ దగ్గరికి చేరాడు. సైజు పట్టుకున్నాడు. మిగతాది సానబెట్టడం. ఆ సానబెట్టడం వందేళ్ళు పైగా సాగి, 2019 మే 20 నుంచి ఆ సంఖ్యని 6.02214076×10²³ అని ఖరారు చేసి, మోల్ నిర్వచనమే దాని మీద పెట్టారు. మనం చదివిన "12 గ్రాముల కార్బన్-12లో ఉన్నన్ని పరమాణువులు" అనే నిర్వచనం ఆ రోజుతో పాతదైపోయింది.

ఇక్కడ కొందరు అంటారు. "బాబూ, ఇవన్నీ చెప్తూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడవుతుంది? మనమూ అలాగే బట్టీ కొట్టాం, ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో బాగానే ఉన్నాం కదా?"

బాగానే ఉన్నామా? నా సంగతే చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అప్లికేషన్‌కి లాగ్‌ల కోసం ఎంత డిస్కు కావాలో అంచనా వెయ్యమన్నారు. రికార్డుకి 2 కేబీ, రోజుకి 50 లక్షల రికార్డులు. రోజుకి 10 ఎంబీ అని రాసి పంపేశాను. గుణకారం సరైనదే, సున్నాలే జారిపోయాయి. రావాల్సింది 10 జీబీ. యాభై లక్షల రికార్డులు రెండు మూడు ఫొటోలంత చోటులో ఎలా పడతాయని నాకు నేను ప్రశ్న వేసుకోలేదు. మూడో రోజు తెల్లవారుజామున డిస్కు నిండిపోయి సర్వర్ పడిపోయింది. తప్పు పూర్తిగా నాదే. సూత్రం తెలుసు, సైజు తెలీదు. నేనూ మైనస్ ఆప్షన్ వెతికే బడిలోంచే వచ్చాను మరి.

నాది చిన్నది. 1999లో నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గర నాశనమైపోయింది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో ఇస్తే ఇంకోటి న్యూటన్-సెకన్లు అనుకుంది. తేడా 4.45 రెట్లు. మా వాడు భాగించాల్సినచోట గుణించి చేసిన తేడా 10⁴⁷ రెట్ల పైమాట. పరీక్షలో రెండూ ఒకటే, ఒక మార్కు పోతుంది, అంతే. జీవితంలో ఒకటి కాదు. మా జిల్లాలోనే పరవాడలో ఫార్మా సిటీ ఉంది. మా చుట్టుపక్కల ఊళ్ళ కెమిస్ట్రీ డిగ్రీ పిల్లలు చేరేది అలాంటి చోట్లే. అక్కడ మిల్లీగ్రాముకి మైక్రోగ్రాముకి తేడా వెయ్యి రెట్లు. అది మందు బిళ్ళలోకి వెళ్తుంది, లేదా రియాక్టర్లోకి వెళ్తుంది. "ఈ అంకె ఇంతుండకూడదే" అని ఒక్క క్షణం ఆగే అలవాటు లేనివాణ్ణి అక్కడ నిలబెట్టడం వాడికీ ప్రమాదమే, పక్కవాడికీ ప్రమాదమే. నా బాధ ర్యాంకుల గురించి కాదండీ, దీని గురించి.

ఇక ఇప్పటి రోజుల్లో అసలు వాదన ఇంకోటుంది. 18ని 6.022×10²³తో భాగించడం ఫోన్‌ని అడిగినా చేసి పెడుతుంది, మెట్లతో సహా. అలాంటప్పుడు పిల్లాడు నేర్చుకోవాల్సింది ఏం మిగిలింది? వచ్చిన జవాబు నమ్మదగ్గదా కాదా అని చూడగలగడం. అంటే, మనం సిలబస్ పేరు చెప్పి ఎగ్గొట్టిన భాగమే మిగిలింది.

విచిత్రమేమిటంటే ఆ చూపు మన ఇళ్ళలో లేక కాదు. ఆ రోజు వంటింట్లో మా అమ్మ అరిసెల పాకం పడుతోంది. కాస్త పాకం నీళ్ళలో వేసి వేళ్ళతో ఉండ చేసి చూసి "ఇంకా లేతగా ఉంది" అంది. థర్మామీటర్ లేదు, సూత్రం లేదు. కానీ ఎక్కువా తక్కువా అన్నది కచ్చితంగా తెలుసు, తెలియకపోతే పిండి మొత్తం పాడవుతుంది కాబట్టి. చెరకు గానుగ దగ్గర బెల్లం వండేవాళ్ళూ అంతే. ఈ ఇంట్లో పుట్టిన పిల్లాడు కాలేజీ గేటు దాటగానే ఆ చూపుని బయట వదిలేసి లోపలికి వెళ్ళాలి. అదే నాకు మింగుడు పడని విషయం.

సిలబస్ అయిపోదు అనేవాళ్ళకి చివరి మాట. వెయ్యి గింజల ముచ్చట చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. పంచదార నీళ్ళ కథకి ఇంకో పది. ప్రతి లెక్క కింద "ఇది ఎక్కువా, తక్కువా, దేనితో పోల్చొచ్చు?" అని ఒక్క లైను రాయించడానికి అర నిమిషం. ఆప్షన్లలో నాలుగింటికీ మైనస్ పవర్ పెట్టడానికి ప్రశ్నపత్రం చేసేవారికి పైసా ఖర్చు లేదు. అది చేస్తే ఆ ట్రిక్కు ఆ రోజే చస్తుంది. పెద్దవాళ్ళు అది చేసేదాకా, పండక్కి ఊరెళ్ళే మనం చేయగలిగింది ఒకటుంది. అక్క కొడుకో, అన్న కూతురో పుస్తకం తెస్తే జవాబు చెప్పేసి ఫోన్లోకి తల దూర్చకండి. ఆ ఒక్క ప్రశ్న అడగండి.

నేను బయల్దేరే రోజు పొద్దున్న మా వాడు ఒక పంచదార పలుకు వేలి మీద పెట్టుకుని వచ్చాడు. "ఇది అర మిల్లీగ్రాము అనుకున్నాను మావయ్యా. ఇందులో 8.8×10¹⁷ అణువులొచ్చాయి. ఇది చాలా ఎక్కువే కదా? నమ్మొచ్చా?" అన్నాడు. పోల్చి చూడమన్నాను. కాసేపు కాయితం మీద గీసుకుని, ప్రపంచంలో ఉన్న 800 కోట్ల మందికీ పంచితే తలా 11 కోట్లొస్తాయన్నాడు. అని, పలుకుని నోట్లో వేసుకున్నాడు.

అందరి వాటా వాడే తినేశాడు. పోన్లెండి, ఈసారి భాగించాడు కదా!